చూసినోళ్లు చెప్పాలె

2023 వానాకాలం. జగదల్‌పూర్‌లో ఒక యూనివర్సిటీ. ఆటల విద్యార్థులకు మానసిక పరీక్షలు పెట్టడం నా ఉద్యోగం. బచేలి ఇనుప గనుల కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని; ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. ఇన్ని భాషలొచ్చాక ఎవరి మనసైనా ఇట్టే చదివేస్తానన్న ధీమా నాకు దండిగా ఉండేది.

ఆ వారం ఖోఖో అమ్మాయిలకు రెండు కాగితాలిచ్చాను. ఒకటి ఐక్యూ టెస్ట్: బొమ్మల వరుసలో తర్వాత రావలసిన బొమ్మేదో కనిపెట్టాలి. రెండోది సెల్ఫ్ ఎస్టీమ్ స్కేల్: తన మీద తనకెంత గౌరవముందో తెలిపే ప్రశ్నలు. తెలుగు నేల సరిహద్దు అడవుల్లోని చింతలనార్ వైపు నుంచి వచ్చిన కోసి అనే అమ్మాయికి రెండింట్లోనూ అట్టడుగు మార్కులే. కోచ్ కెప్టెన్ని చేద్దామనుకుంటున్నది సరిగ్గా ఆ పిల్లనే. "ఆత్మగౌరవం తక్కువ, తెలివి సగటు కన్నా తక్కువ" అని రాసి, సంతకం గీకి కోచ్‌కి పంపేశాను.

కోచ్ ఇంకో అమ్మాయిని కెప్టెన్ చేశాడు. మూడో రోజు కోసి బ్యాగు భుజాన వేసుకుని నా గదికొచ్చింది.

"ఇంటికి పోతున్న మేడం. చెప్పి పోదామని వచ్చిన."

"అదేంటమ్మా, చదువు?"

"నాకు తెలివి లేదని మీరే రాసిండ్రంట గద. ఇంక చదువెందుకు?"

గబగబా ఆమె కాగితాలు తీశాను. ఐక్యూ టెస్టులో సగం ఖాళీ.

"వీటికి ఏదో ఒక టిక్కు పెట్టకపోయావా? అందరూ అలాగే పెడతారు."

"తెల్వంది తెల్సినట్టు ఎట్ల పెడత? అబద్ధం గాదా?"

రెండో కాగితంలో 'నాలో మంచి గుణాలు ఉన్నాయి' అన్నదానికి 'కాదు' అని ఉంది.

"ఏం, లేవా?"

కోసి నన్ను వింతగా చూసింది. "ఏంది మేడం, నా గురించి నేనే చెప్పుకుంటనా! మా ఊర్ల నవ్వుతరు. చూసినోళ్లు చెప్పాలె."

ఒక్కరోజు ఆగమని బతిమాలాను.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకెళ్లాను. వాన వెలిసి, ఎర్రమట్టి మీద పొగమంచు కమ్ముకుని ఉంది. అమ్మాయిలు అందులో కనబడుతూ మాయమవుతూ, నిద్రలో ఆడుతున్నట్టున్నారు. వాళ్ల అడుగుల చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. పరిగెత్తే అమ్మాయి మలుపు తిరగకముందే కోసి ఆమె తిరగబోయే చోట కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అంటోంది. ఆ పిల్ల లేచేసరికి పరిగెత్తే అమ్మాయి ఆమె చేతికి చిక్కుతోంది.

"అటే తిరుగుతుందని నీకెలా తెలిసింది?"

"భుజం ముందుగాల వంగుతది మేడం. కాలు తర్వాత."

తర్వాత వచ్చేదేదో కనిపెట్టమనే కదా నేనూ అడిగింది! సిగ్గుతో తల వాలిపోయింది.

జట్టులో ఒక్కొక్కరినీ కోసి గురించి అడిగాను. కొత్త కెప్టెన్ అయితే నవ్వేసింది. "పేరుకే నేను కెప్టెన్ని మేడం. ఆటలో నేనూ దాని మొహమే చూస్తాను."

ఆ మాటలన్నీ రాసి, నా రిపోర్టు తప్పని కోచ్‌కి చెప్పాను. "మీరే రాసి మీరే కాదంటారా?" అని సణిగాడు గానీ కెప్టెన్సీ కోసికే ఇచ్చాడు. కోసి బ్యాగు మళ్లీ హాస్టల్‌కి చేరింది. ఇప్పుడు నేను కాగితాలు పంచే ముందు గ్రౌండులో ఒక పూట కూర్చుంటున్నాను.

కెప్టెన్సీ ఇచ్చిన రోజు సాయంత్రం కోసి నా గదిలోకి తొంగి చూసి అడిగింది. "ఆ రెండో కాగితం మీరు గూడ రాసిండ్రా మేడం? ఎన్నొచ్చినయి?"

చదువుకునే రోజుల్లో రాశాను. నా గురించి నేనే చెప్పుకుని నిండా మార్కులు తెచ్చుకున్నాను. ఆ మాట కోసికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.