ఐరాల రోడ్డు ముక్కతో తిరుపతికి

“ఆధార్ కార్డు నీకు చెల్లుతాది అవ్వా, రోడ్డుకు చెల్లదు. లగేజీ టికెట్టు కొట్టాల్సిందే.”

“నీ బస్సు దినామూ ఆ రోడ్డు మీదనే పోతాండాది. నేనెప్పుడన్నా టికెట్టు అడిగినానా?”

ఉదయం ఏడింటి తిరుపతి బస్సులో కండక్టరుతో నా ప్రయాణం ఇలా మొదలైంది. గోనెపట్టాలో చుట్టిన రోడ్డు ముక్క ఒళ్లో ఉంది. ఒళ్లో ఉన్నది లగేజీ కాదని వాదించి గెలిచాను.

కొత్తగా వేసిన మా వీధి రోడ్డు ఏడాది తిరక్కుండానే పగుళ్లిచ్చింది. కారణం నా కల్లాపి నీళ్లేనని కాంట్రాక్టరు పంచాయతీలో చెప్పాడు. వీధంతా ఒకే తారు పోశాడట. మా వీధిలోనే ఉన్న వాళ్ల వాకిట్లో ముగ్గు స్టిక్కరే, నీళ్లు చల్లరు గనుక అక్కడ పగల్లేదట. రేపటినుంచి ఎవరూ నీళ్లు చల్లకూడదన్నారు. కాపురానికి వచ్చిననాటినుంచి నేను వాకిలి ఎండబెట్టి ఎరగను. తిరుపతిలో రోడ్ల ఇంజనీరింగు చదివే మనవరాలు సింధు చేత తేల్పించుకుందామని బయల్దేరాను.

కాణిపాకంలో ఎక్కినామె, నేను కునుకు తీసేలోగా ముక్కకు కుంకుమ పెట్టి దండం పెట్టింది.

“ఏ సామి మా?”

“తారు రోడ్డు.”

“ఏ సామైతే ఏమి, బస్సు సల్లంగా పోతే సాలు.”

తొమ్మిదిన్నరకు దిగి, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర బస్టాండులోనే తిన్నాను. మీరెవరైనా రోడ్డు మోసుకుపోతే గోనెపట్టా రెండు మడతలు వేయండి. ఎండకు తారు చీరకంటుతుంది.

కాలేజీలో సింధు కుంకుమ తుడిచి, ముక్కలోంచి తారు వేరుచేసింది. సాయంత్రానికి దాన్ని తీగలా సాగదీసి నడిమికి కత్తిరించింది. రెండు కొసలూ రబ్బరులా వెనక్కి ముడుచుకున్నాయి.

“పాలిమరు బాగా కలిపినారు అవ్వా. రబ్బరు లాంటి సరుకు. అదుంటే తారు ఎండకు కుంగదు, చలికి పెళుసెక్కదు, లారీ పోయినా సాగి సర్దుకుంటాది. ఇంత మంచి రోడ్డు పగిలిందంటే తప్పు నీ కల్లాపిదేనేమో!”

నేను గోనెపట్టా దులిపి మడత పెట్టబోయాను.

“ఇంతకీ మన వాకిట్లో యాడ తవ్వినావు?”

“మన వాకిలి నేనెందుకు తవ్వుతానే, ఉన్నది చెడగొట్టుకోడానికా? కాంట్రాక్టరు వాకిట్లో తవ్వినాను. గడ్డపార వంగిపోయింది.”

సింధు బల్ల మీద తల వాల్చి నవ్వింది. “మన వాకిటి ముక్క గూడా దీని పక్కన పెట్టు, సాలు.”

ఆరింటి బస్సులో మళ్లీ అదే కండక్టరు. “రోడ్డుకు దర్శనం అయిందా అవ్వా?” అన్నాడు. తిరుగుదారిలో ఎక్కడ మంచి తారు పోశారో, ఎక్కడ పోయలేదో నా నడుముకే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు వచ్చి, “నా వాకిట్లో రోడ్డు నాకియ్యి!” అని అరిచాడు. మా వాకిట చేతికే ఊడివచ్చిన ముక్క అందించాను.

“వీధంతా ఒకే తారు గదప్పా. ఇది పూడ్సుకో.”

“ఈ చెత్త నాకెందుకు? నాదే కావాల!”

వీధంతా విన్నది. నేను బిందె తెచ్చి కల్లాపి చల్లాను. పక్కింటామె కూడా చల్లింది.