వరద ముందు నింపిన గొట్టం

గోదావరి ఒడ్డున పంపుహౌసులో నాకు మజ్దూరు డ్యూటీ ఇచ్చింది డెబ్బైల మొదట్లో. బొగ్గుబాయిలో పైకప్పు కూలి మా ఆయన పోతే, ఆయన బదులు ఇచ్చిన నౌకరి అది. ఇంకా పర్మనెంటు కాలేదు. వేలిముద్ర తప్ప నాకు రాత లేదు. ఇద్దరు ఆడపిల్లలకూ నాకూ ఆ నౌకరే కూడు.

నది నడుమ ఒక బావి, అక్కడి నుంచి ఇసుక మీదుగా ఒడ్డుకు ఇనుప గొట్టం. కాలనీకి, దవాఖానకు నీళ్లు దానితోనే. సముద్రంలో తుఫాను లేచిందని రేడియో చెప్పిందంటే మాకు గోదావరి పొంగేది. అప్పుడు పంపు ఆపి, అడుగు వాల్వు తిప్పి గొట్టం ఖాళీ చేయడం మా దగ్గర రివాజు. తెగితే అతకడం సులువని. ఏటా తెగేది, ఏటా అతికేవాళ్లం.

ఒక ఏడు వరదకు ముందు అట్లాగే ఫిట్టరు మొయిన్ అన్న వాల్వు తిప్పబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఖాళీ చెయ్యకన్నా. ఖాళీ బిందె ఏట్ల కొట్టుకపోతది. నిండ బిందె ఏడ బెడితె ఆడ్నే ఉంటది."

"ఏందక్కా, ఇంజినీరమ్మవు ఎప్పుడైనవ్?" అని నవ్వాడు. "గొట్టం పోతె నీ నౌకరి గూడ పోతది, ఎరుకేనా?"

"పోతె నా ఫికర్ నాది. నువ్వయితె వాల్వు ముట్టకు."

మా పనులు చూసే ఓవర్సీరు సారు విని, సరే నింపమన్నాడు. నింపి ఉంచమన్నది నేనేనని రిజిస్టరులో రాసి, నా వేలిముద్ర తీసుకున్నాడు. తన సంతకం మాత్రం పెట్టలేదు.

గొట్టం నిండా నీళ్లు పట్టి రెండు కొసలా వాల్వులు బిగించాం. పొడుగునా ఇసుక బస్తాలు మోసి వేశాం. వరద వచ్చి గొట్టం మునిగింది.

వరద తగ్గాక చూస్తే గొట్టం ఉన్నచోటే ఉంది. ఒక్క అతుకు దగ్గర మాత్రం నీరు కారుతోంది. మొయిన్ అన్న దాన్ని బిగిస్తూ, "నీ బిందె గట్టిదేనక్కా" అన్నాడు. మరుసటేడు రేడియో వినగానే "జల్ది రా అక్కా, నింపుదాం" అని తనే పిలిచాడు. ఆసారి రిజిస్టరులో ఓవర్సీరు సారే సంతకం పెట్టాడు. అప్పటికి నేను పర్మనెంటు.

ఆ పంపు చప్పుడు, చేతికంటిన గ్రీజు వాసన ఇప్పటికీ యాదికొస్తాయి. పనిలో నేర్చుకున్నది ఇంతే: వరదకు ముందే గొట్టం నింపాలి, కొసలు బిగించాలి, బరువు పెట్టాలి. తెగితే ఎట్లా అతకాలన్నదే చూసుకుంటూ పోతే, అది తెగుతూనే ఉంటుంది.