పడుకోనన్న మనిషి

పంక్చర్ షాపాయన ఏనాడూ ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి, నీళ్ళ తొట్టిలో ముంచిన ట్యూబు బుడగలు వదులుతోందేమో చూసి వచ్చేవాడు. సొంత పెళ్ళిలో కూడా ఫొటోలకు నిలబడకుండా ఎవరిదో బండికి గాలి కొట్టి వచ్చిన ఘనుడు. కాలుకాలిన పిల్లి అని భార్య విసుక్కుంటూ పెట్టిన పేరు వీధంతా పాకింది.

ఆ మధ్యాహ్నం లారీ కింద జాకీ జారి, దాని రాడ్డు ఎగిరొచ్చి ఆయన గడ్డం కింద తగిలింది. కబురు తెలిసి భార్య, ఆమె తమ్ముడు ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఆయన అత్యవసర విభాగంలో మంచం మీద ఉన్నాడు. కింది దవడ వేలాడుతోంది, నోటి నిండా నెత్తురు. పడుకోబెట్టిన మనిషి మాటిమాటికీ లేస్తున్నాడు.

"పడుకోవయ్యా, నీకు దణ్ణం పెడతాను," అని భార్య బతిమాలింది.

"ఇక్కడ కూడానా బావా? కాసేపు పడుకుంటే నీ సొమ్మేం పోయింది?" అంటూ తమ్ముడు భుజాలు పట్టి వెనక్కి వాల్చాడు.

ఆయన గొంతులో ఏదో గరగరలాడింది. అది మాటో మూలుగో ఆమెకు తెలియలేదు. ఎన్నడూ ఆమె మీద చెయ్యెత్తని మనిషి ఆమె చేతిని విదిలించి కొట్టాడు. కోపమా? తలకి దెబ్బ తగిలి మతి పోయిందా? తనను గుర్తుపట్టడం లేదా? ఏమీ పాలుపోక, ఏడుస్తూనే రెండు చేతులూ ఆయన గుండె మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి అదిమింది. ఆయన మడమలు పరుపును తన్నుతున్నాయి.

"వదలండి! ముందు లేపండి ఆయన్ని!"

నర్సు పరుగున వచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది. కాళ్ళు కిందికి వేలాడేసి, తల ముందుకు వంచి, గడ్డం కింద బేసిన్ పెట్టింది. నెత్తురు బొళుక్కున పడింది. ఆ తర్వాత పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు.

"దవడ రెండు పక్కలా విరిగినట్టుందమ్మా. వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డంపడుతుంది. పైగా ఈ నెత్తురొకటి. గాలి ఆడకే లేస్తున్నారాయన."

డాక్టర్ వచ్చి ఆయన మెడ తడిమాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు, చెంప ఎముకలు నొక్కి చూశాడు. ఆపరేషన్ చెయ్యాలి, ప్రాణానికి ఫర్వాలేదన్నాడు. ఆ మాట ఆమె చెవికెక్కనే లేదు.

"నేనింకాసేపు అలాగే పట్టుకునుంటే?" అని నర్సును అడిగింది.

నర్సు ఆయన నోట్లోని నెత్తురు గొట్టంతో తీస్తూ ఉండిపోయింది.

ఆయన తల వంచుకునే, పక్కకు చెయ్యి చాచి భార్య చేతి కోసం తడుముకున్నాడు. ఆ చెయ్యి ఇవ్వడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.