అత్త తెచ్చిన పుస్తకాలు

ఈమధ్య ఏం చదివావని ఎవరైనా అడిగితే, డెబ్బైల చివర్లో నేను మంచం పట్టిన ఆ రెండు నెలలే ముందు గుర్తొస్తాయి. నగరిలో మా అత్తగారింట్లో బావి దగ్గర పాచికి జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చారు. ముందు గదిలో మా ఆయన, మామ చెరొక మగ్గం నేస్తుంటే, నా మంచం పక్కన రాట్నం పెట్టుకుని మా అత్త కండెలకు నూలు చుట్టేది. కాపురానికి వచ్చి ఏడాదైనా మా ఇద్దరికీ పనిమాటలు తప్ప వేరే మాటల్లేవు. బెల్లం కట్టిచ్చిన కాగితం కూడా చదివిగాని పారేయని నా అలవాటు ఆమెకు గిట్టేది కాదు. ఆమెకు అక్షరం రాదు.

నాలుగో రోజు కాబోలు, పైకప్పు చూస్తూ పడుకున్న నన్ను చూసి, "ఏమ్మే, పుస్తకం గావాల్నా?" అన్నది. నూలుకు పోయే దారిలోనే గ్రంథాలయం. మా ఆయన కార్డు తీసుకుపోయి, ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఆవు బొమ్మ ఉండాది. మంచి పుస్తకమే అయింటాది."

అది పశువుల జబ్బుల పుస్తకం. వేరే దారి లేక మొదలుపెట్టి చివరిదాకా చదివాను. నోరులేని జీవికి నొప్పి ఎక్కడుందో చెవులు చూసి, కన్ను చూసి కనిపెట్టమంటాడు రాసినాయన. అంత దయగా మనుషుల గురించి రాసిన నవలలు కూడా నేను తక్కువే చదివాను. "ఏం రాసిండాది?" అని అత్త అడిగితే పైకి చదివాను. రాట్నం ఆపకుండానే విన్నది.

తర్వాతిది బరువు చూసి తెచ్చింది. "పది దినాలొస్తాది" అన్నది. ఏదో మంచుదేశపు నవల. గడ్డకట్టిన నదికి చెరో ఒడ్డున కాపురాలుండి, మాటల్లేని అక్కచెల్లెళ్ల కథ. ఆ పేర్లు నాకే నోరు తిరగలేదు. అత్త పెద్దామె, సిన్నామె అని పెట్టుకుంది. మొదటి యాభై పేజీలు విసుగే. తర్వాత మాత్రం అన్నం తింటూ కూడా వదల్లేదు. చెల్లెలు రొట్టె కాల్చి, మంచు మీద నడిచిపోయి, అక్క గడపలో పెట్టి, తలుపు తట్టకుండా తిరిగొచ్చే చోటు రెండుసార్లు చదివాను. అత్త రాట్నం ఆపింది.

"తట్టింటే ఏం పొయ్యేది?" అన్నది.

తనకూ సత్యవేడులో ఒక చెల్లెలుందనీ, ఎవరి పెళ్లిలోనో మాటకు మాట పెరిగి ఎనిమిదేళ్లుగా రాకపోకలు లేవనీ ఆ సాయంత్రం చెప్పింది. అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు.

మూడోది చివరి ఆకులు చినిగిపోయిన డిటెక్టివ్ నవల. రాసినాయన బిగువుగా నడిపాడు గాని, అందులో ఒక్క మనిషికీ ప్రాణం లేదు. హంతకుడు వంటవాడేనని మా ఆయన మగ్గం మీద నుంచే తేల్చేశాడు.

"కాదప్పా, తమ్ముడే సంపినాడు," అన్నది అత్త. "ఇంట్లోవాళ్ల మీద గదా అంత కోపం నిలిచేది."

ఆ మర్నాడు సత్యవేడుకు ఒక పోస్టుకార్డు రాసిపెట్టమని అడిగింది.

"ఏమని రాయాలత్తా?"

"కోడలికి కాలిరిగింది, బాగుండాదని రాయి. ఊరికే."

చెల్లెలి దగ్గర నుంచి జవాబు రాలేదు. రెండు వారాలు చూసి, ఒక పొద్దున సగం చుట్టిన కండె గంపలో పడేసి, అత్త బస్సెక్కి సత్యవేడు పోయింది. మరుసటి రోజు సాయంత్రం తిరిగొచ్చింది. చేతిలో వేరుశనక్కాయల సంచి ఉంది.

"ఏమన్నదత్తా?"

"ఏమంటాది. మనిషి సన్నబడిపోయింది. అన్నం పెట్టింది, తింటిని." కాళ్లు కడుక్కొచ్చి రాట్నం ముందు కూర్చుంది. "సదువు."

అప్పుడు మా దగ్గరున్నది పలుచటి కవితల పుస్తకం. నాకు సగం అర్థం కాలేదు, ఆమెకు అసలే కాలేదు. వేరుశనక్కాయలు వలుచుకుంటూ, దీపాలు పెట్టే వేళ దాకా చదువుకుంటూ కూర్చున్నాం.