అక్క ఇంగ్లీషు చదువు

కువైట్‌లోని ఫహాహీల్‌లో నాతో ఒకే గదిలో ఉండే అక్కది కోనసీమ. టైలరింగ్ షాపులో కుట్టుపని చేసేది. పెద్ద బట్టల షాపులో సేల్స్ ఉద్యోగం రావాలంటే ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే పరీక్ష ఒకటి పాసవ్వాలన్నారు. అందుకని సెలవు రోజు, శుక్రవారం, నా పక్కన కూర్చుని గైడులోని చిన్న చిన్న పాఠాలు చదివి, కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు చెప్పేది. జవాబు సరిపోయినా ఆమెకు తృప్తి ఉండేది కాదు. విమానం తప్పిపోయినవాడి గురించి చదివితే, “పాపం, ఆఖరికి ఇంటికెళ్లాడంటావా?” అని అడిగేది. ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్ల గురించి చదివినా అదే బెంగ.

ఒకసారి ఆరోగ్యం పాఠం వచ్చింది. రొమ్ములో గడ్డ తగిలినా నొప్పి లేదని డాక్టరు దగ్గరికి వెళ్లని ఒకావిడ కథ అది. అక్క అన్నిటికీ సరైన జవాబులే చెప్పింది. తర్వాత మాత్రం ఏమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, “నాకూ ఉందే. నొప్పెట్టట్లేదు కదాని ఊరుకున్నాను,” అంది.

ఆస్పత్రిలో బాగా ముదిరిందన్నారు. అయినా పరీక్ష రాశాకే వైద్యానికి ఊరికి బయలుదేరింది.

ఆమె వెళ్లాక బట్టల షాపు నుంచి ఫోనొచ్చింది, పాసయిందని. ఊరికి ఫోన్ చేసి చెబితే ఎంత సంబరపడిందో! “కొన్నాళ్లు ఆగమని చెప్పవే. వైద్యం అవగానే వచ్చేత్తాను.”

వాళ్లు ఆగలేదు. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. పోయేముందు కూడా, కువైట్‌లో తనకోసం ఉద్యోగం ఆపి ఉంచారని చూడవచ్చినవాళ్లందరికీ చెప్పేదట.