కోటలో పన్నెండు సీసాలు

1984 అక్టోబరు, రెండో శనివారం. అప్పుడు మేము శాంటా క్లారాలో ఉండేవాళ్లం. నాతో ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్ స్నేహితురాలికి, ఆమె తమ్ముడికి కలిపి ఆరెకరాల ద్రాక్షతోట ఉండేది. తండ్రి నాటిన తోట. పురుగుమందు డబ్బా ఆ గట్టు తొక్కి ఎరగదు. ఆ ఏడు కూడా వాళ్ల వైన్ కొనే వ్యాపారి దొరక్కపోతే తీగలు పీకించి, స్థలం ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మేద్దామని తమ్ముడు తేల్చి చెప్పాడు.

కొండ మీది పాత రాతి కోటలో అలాంటి కుటుంబాలవాళ్లే ఎనిమిది మంది బల్లలు వేసుకుని, వచ్చినవాళ్లకు తమ వైన్ రుచి చూపించే రోజది. రెండింటికి ఒక పెద్ద వ్యాపారి వస్తాడట. స్నేహితురాలు నన్ను సాయం రమ్మంది. మా ఇంట్లో ఇద్దరం వైన్ ముట్టం. మా ఆయన తెలుగు చర్చిలో పెద్ద కూడాను. అయినా ఆయనే డ్రైవ్ చేశారు.

కోట ముందు కారు ఆపి, "ఇది ఎప్పటిదంట?" అన్నారు.

"వందేళ్లు అయిందంట."

"వందేళ్లకే కోటా? కొండవీడు వింటే నవ్వుద్ది."

గ్లాసు అడుగున ఎంత పోయాలో స్నేహితురాలు వేలితో చూపించింది. ముప్పై మిల్లీలీటర్లు. సీసాకు ఇరవై ఐదు మంది, పన్నెండు సీసాలకు మూడు వందల మంది. ముందురోజే కాగితం మీద లెక్క వేసి ఇచ్చింది నేనే. ఆమె తోట సంగతులు చెప్పడానికి కొందరిని వెంటబెట్టుకుని మేడ మీదికి వెళ్లింది.

మొదట చేతికర్ర పట్టుకున్న ముసలాయన గ్లాసు చాపాడు. అడుగు తడిసేంత పోసి పంపడానికి నాకు చేయి రాలేదు. మా ఇళ్లలో మజ్జిగైనా నిండుగా పోసి ఇస్తాం. కాస్తంత పోసి ఇవ్వడం పొమ్మనడంతో సమానం. నిండుగా పోశాను. ఆయన కళ్లు మెరిశాయి. వెనకున్నామెకు తక్కువెలా పోస్తాను? పక్క బల్లల దగ్గర జనం పుక్కిలించి, రుచి మాత్రం చూసి బకెట్లలో ఉమ్ముతున్నారు. మా దగ్గర ఒక్కరూ ఉమ్మలేదు. గ్లాసులు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటున్నారు. అదంతా వైన్ గొప్పతనమేనని మురిసిపోయాను.

పన్నెండూ నలభైకి ఆఖరి సీసా ఖాళీ అయింది. సీసాకు అయిదు గ్లాసులు, మొత్తం అరవై.

స్నేహితురాలు దిగివచ్చి, "మిగతా సీసాలేవి?" అంది.

"అయిపోయాయి."

"పన్నెండూనా? లెక్క కట్టింది నువ్వేగా!"

"లెక్క సరిగ్గానే కట్టాను. పోయడంలోనే..."

ఆమె కుర్చీలో కూలబడింది. "రెండింటికి వచ్చే వ్యాపారికి ఏం పొయ్యాలి? బిరడాలు వాసన చూడమననా?"

తోటకు వెళ్లి రావాలంటే మూడు గంటలు. అంతలో మా ఆయన గోడ పక్కనుంచి వచ్చారు, చేతిలో నిండు గ్లాసుతో. అలవాటుకొద్దీ ఆయనకూ ఒకటి పోసి ఇచ్చానన్నమాట.

"ఇంకా తాగలేదా?"

"నేనెప్పుడు తాగానే? నువ్విచ్చిందాన్ని పారబోస్తే ఆ అమ్మాయి ఏమనుకుంటదో అని మోస్తున్నా. చెయ్యి పడిపోతోంది."

"మూతి పెట్టలేదు కదా?"

"లేదు. వాసన చూశా. దానికి పాపం అంటదా?"

రెండూ పదికి వ్యాపారి వచ్చాడు. ఆ గ్లాసులోది శుభ్రమైన గ్లాసులోకి వంచి ఇచ్చాం. తిప్పాడు, వాసన చూశాడు, తాగాడు. ఉమ్మలేదు.

"ఇది పోసి ఎంతసేపయింది?"

"రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు," అన్నాను. పోసినప్పుడు పన్నెండుకు పావు తక్కువ.

"మంచి పని చేశారు. అప్పుడే మూత తీసి ఒక గుక్క ఇచ్చుంటే, ఒగరని చెప్పి వెళ్లిపోయేవాణ్ని. దీనికి గాలి తగలాలి." అని మెట్ల మీదివాళ్లను చూశాడు. "వాళ్లంతా మీ వైనేనా తాగుతున్నది?"

ఆ ఏడు చేసిందంతా అతనే కొన్నాడు. సోమవారం తమ్ముడు తీగలు పీకేవాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు. మరుసటి అక్టోబరులోనూ స్నేహితురాలు నన్ను పిలిచింది. ఈసారి గ్లాసులు కడిగే పని ఇచ్చింది.