కేకెయ్యకుండా విసిరిన సూది

టైలర్ చాచా పోయారని ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను అచ్యుతాపురం వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాను. తెల్లవారుజామున పోయారట, మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తారట. ఇంకేమీ చెప్పలేదు, నన్ను రమ్మనీ అనలేదు. తర్వాతి స్టాపులో దిగిపోయి పాతూరు వైపు వెళ్లే సిటీ బస్సెక్కాను.

ఆయనెవరో మీకు తెలియదనుకుంటున్నారేమో. ఈ యాప్‌లో నేను రాసే చైనా కత్తియుద్ధాల సీరియల్ చదివేవాళ్లకి ఆయన బాగానే తెలుసు. అందులో ఎవరైనా చొక్కా చేతిలోంచి ఆయుధం తీసి విసిరారంటే, ఆ చొక్కా ఎలా కుట్టాలో నాకు నేర్పింది ఆయనే.

ఆ కథల్లో ఎదురుగా కత్తి దూసి వచ్చేవాళ్ల మీద నాకు మొదట్నుంచీ మోజు లేదు. దాచుకుని విసిరేవాళ్లంటేనే ఇష్టం. ఒంటి మీద ఏ ఆయుధమూ కనపడదు. గుప్పెట్లో తామర గింజలంత ఇనుప గుళ్లుంటాయి, చొక్కా చేతిలో స్ప్రింగు గొట్టం, దాంట్లో జానెడు బాణం, నడుము పట్టీలో ఎంబ్రాయిడరీ సూదులు. మా నాన్న పోర్టు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి పాతూళ్లో అద్దెకు దిగిన ఇంటి కిందే చాచా కొట్టు. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వెళ్లి, కుట్టేలోపు ఫోన్లో రాసుకుంటూ కూర్చున్నాను. ఏం రాస్తున్నానో చదవమన్నారు. చదివాను. మిషన్ ఆపేసి నా వంక జాలిగా చూశారు.

"ఏటి బాబూ, ఆ గొట్టం అక్కడెడితే సొక్కా సెయ్యి యేలాడిపోద్ది. ఎదుటోడు గుడ్డోడేటి?"

అని ఊరుకోలేదు. మిగులు గుడ్డతో ఒక చొక్కా చెయ్యి కుట్టి, లోపల ఏటవాలుగా జేబు పెట్టి, దాంట్లో ఒక పెన్సిలు వేసి నాకు తొడిగారు. చెయ్యి దించగానే పెన్సిలు జారి అరచేతిలోకి వచ్చింది! వారం రోజులు దాంతో మా ఆవిణ్ణి సతాయించుకు తిన్నాను. ఆ తర్వాత ప్రతి భాగమూ ముందు చాచాకి చదివి వినిపించాకే మీకు వదిలేవాణ్ణి.

ఒకసారి మా వీరుడు నోట్లో సూదులు పెట్టుకున్నాడని రాస్తే ఆయనకు ఒళ్లు మండిపోయింది. నోట్లో సూది పెట్టుకునేవాడు దర్జీయే కాదన్నారు. ఆయన సూదులు ఏడు, చిన్న దిండుకి గుచ్చి ఉండేవి. సాయంత్రం అవి లెక్క చూసుకోకుండా షట్టరు దించేవారు కాదు. ఒకటి తగ్గిందంటే ఆ రోజు కుట్టిన బట్టలన్నీ మళ్లీ పరిచి అరచేత్తో నిమిరేవారు. బయట కూతురు అన్నానికి పిలుస్తున్నా లేచేవారు కాదు.

ఆ కథల్లో ఒక పద్ధతి ఉంది. మర్యాద తెలిసినవాడు దాచిన ఆయుధం విసిరే ముందు ఒక కేక వేస్తాడు. దాన్ని తెలుగులో ఎలా అనాలో తెలియక "నా సూదిని గమనింపుము" అని రాశాను. మీరు నవ్వకండి, చాచా చాలినంత నవ్వారు. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇలాగ ఎవుడైనా అంటాడేటి? కాస్కో అను. కేకేసి ఇసిరీవోడు మడిసి. కేకెయ్యకుండా ఇసిరితే అది దొంగదెబ్బ."

కామెంట్లలో మీరంతా సరదాగా ఒకళ్ల మీద ఒకళ్లు వేసుకునే ఆ "కాస్కో" చాచాది.

ఇక చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక వానరోజు మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కించమని పిలిచారు. నేను ఎక్కించి ఇస్తే పుచ్చుకోకుండా సంగతి చెప్పారు. అంతకు ముందు వారం ఒక పసిపిల్ల గౌను అంచు మడతలో సూది ఉండిపోయిందట. తొడిగే ముందు తల్లి చూసింది కాబట్టి సరిపోయింది. ఆ మహాతల్లి ఎవరికీ చెప్పకుండా సూదిని కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చి వెళ్లిందట. ఆ గౌను కుట్టిన సాయంత్రం ఏడు సూదులూ ఉన్నాయనే ఆయన లెక్క పెట్టుకున్నారు.

"సూపు పోతంది బాబూ. ఎవులికీ సెప్పకు. ఈ మిషన్ కాడ్నించి లెగిస్తే నాను మరి బతకను."

చెప్పనన్నాను. నోటితో ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ వారం భాగం ఇవ్వాల్సిన రోజు వచ్చేసింది, బుర్రలో ఏమీ లేదు. కంపెనీ బస్సులో కూర్చుని, చూపు తగ్గిన ముసలి సూదుల గురువు పసిపిల్ల పట్టు గౌనులో సూది మరిచిపోవడం రాసేశాను. అదొక్కటే చాచాకి చదివి వినిపించలేదు. మీకది బాగా నచ్చింది. ఏడిపించేశారని వందల మంది రాశారు. నేను పొంగిపోయాను.

మా వీధివాళ్లూ చదివారు. టీకొట్టు దగ్గర ఎవరో పైకి చదివి, ఇది మన చాచాయే కదా అన్నారట. ముందు పిల్లల బట్టలు రావడం మానేశాయి, తర్వాత పెద్దవాళ్లవి. మూడు నెలల్లో షట్టరు పడింది. చాచా నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణేమో. బస్సుకి దగ్గరవుతుందని ఇంట్లో చెప్పి దువ్వాడకి కాపురం మార్చేశాను. మొహం చూపించలేక పారిపోయాను, అదీ సంగతి. అప్పట్నుంచీ ఆ వీధిలో కాలు పెట్టలేదు.

ఇవాళ పెట్టాను. చాచాని తెల్లగుడ్డలో చుట్టి ఉంచారు. ఆయన కూతురు నన్ను గుమ్మం పక్కకి పిలిచింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"ఆ కథ నాన్నకి నానే సదివానన్నా" అంది.

ఏమన్నారో నేను అడగకుండానే తనే చెప్పింది.

"బాగా రాసాడన్నారు. కేకెయ్యకుండా ఇసిరీసాడు, అంతేనే, అన్నారు. తర్వాత కూడా ప్రతి వారం సదివించుకునీవోరు. మొన్నటిది కూడా ఇన్నారు."

చదివి వినిపించడం మానేశానని నేననుకున్నాను. ఆయన వినడం మానలేదు.

శ్మశానంలో గోతి చుట్టూ నిలబడి ఒక్కొక్కరూ మూడేసి గుప్పిళ్ల మట్టి వేశారు. నా వంతు వచ్చింది. మొదటి గుప్పెడు వేశాను. రెండోది వేశాను. మూడోది తీశాక "తప్పయిపోయింది చాచా" అన్నాను, పైకే అన్నాను. ఆ మాట వినగలిగిన రోజుల్లో ఆయన నాకు ఒక గంట బస్సు దూరంలోనే ఉన్నారు. పిడికిలి విడలేదు. వెనక జనం ఆగిపోయారు. పక్కనున్న ముసలాయన, నేనెవరో తెలియని మనిషి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలే విప్పాడు.